చిత్తూరు మంచు మీద ఎనిమిది రాళ్ళు

ఈ ప్రయాణం గురించి మీరు ఇప్పటికే పేపర్లో చదివి ఉండాలి. చదవలేదంటే తప్పు మీది కాదు. విలేకరి వచ్చాడు, మా ఫోటో తీశాడు, రెండు టీలు తాగాడు. రెండు రోజుల తర్వాత జిల్లా పేజీలో ఆ ఫోటో పడింది. కింద ‘ఎండలు ముదరకముందే ఐసుకు గిరాకీ’ అని రాసి ఉంది. అందులో నా మోచెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. ఆ కాగితం దాచిపెట్టాను. విలేకరి పేరు కూడా గుర్తుపెట్టుకున్నాను.

పేపరువాళ్ళ సంగతి పక్కన పెట్టండి. కర్లింగ్ ఆటకు రాష్ట్రంలో ఒక సంఘం ఉందని తెలిసి, దాని కార్యదర్శికి ఏడు ఉత్తరాలు రాశాను. ఆరింటికి జవాబు లేదు. ఏడోదానికి సంతకం లేకుండా, ఒక ముద్ర మాత్రం వేసి మూడు వాక్యాలు పంపారు. ‘మీ ప్రాంతంలో మంచు లేదు, జట్లు లేవు. రెండు జట్లు పూర్తి ఆట ఆడిన వీడియో నెలాఖరులోగా పంపండి. గెలిచిన జట్టును ఎంపిక పోటీలకు పిలిచే విషయం పరిశీలిస్తాము.’

మంచు లేదన్న మాట నన్ను పొడిచింది. అందుకే చిత్తూరు వెళ్ళాను.

తిరుచానూరు

నేను తిరుచానూరులో ఒక లాడ్జి మేనేజరును. ఇరవై మూడేళ్ళ సర్వీసు. ఒక చలికాలం రిసెప్షన్ టీవీ రిమోట్‌ను యాత్రికులెవరో పట్టుకుపోయారు. టీవీ ఒకే స్పోర్ట్స్ ఛానల్లో ఇరుక్కుపోయింది. అందులో పొద్దస్తమానం కర్లింగ్. మంచు మీద ఒకాయన ఇరవై కిలోల గ్రానైటు రాయిని మెల్లగా తోసి వదిలేస్తాడు. దూరంగా మంచులో గుండ్రటి వలయాలుంటాయి. వాటి నడిమధ్యకు ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళకు పాయింటు. రాయి వేగం తగ్గేటట్టుంటే జట్టులో ఇద్దరు దాని ముందు పరుగెత్తుతూ మంచును ఊడుస్తారు. ఊడ్చినచోట మంచు నున్నబడి రాయి ఇంకా కొంచెం దూరం పోతుంది. రాయిని ముట్టుకోకూడదు. ఊడవడం ఒక్కటే చేయాలి.

మొదటి రోజు నవ్వుకున్నాను. పదో రోజుకు రాయి ఎక్కడ ఆగుతుందో వ్యాఖ్యాత కంటే ముందే నేనే చెబుతున్నాను. నెల తిరిగేసరికి రెండో అంతస్తు వరండాలో సబ్బునీళ్ళు పోసి, గ్రైండర్ గుండును తోయడం మొదలుపెట్టాము. 204 గదిలోని యాత్రికులు ఓనరుకు ఫిర్యాదు చేశారు. సేలం వాళ్ళు. గుర్తుంది.

జట్టుకు నలుగురు కావాలి. నేను కెప్టెన్ని. పూల దుకాణం నడిపే మా బావమరిది మునిరత్నం రెండోవాడు. మూడోది మా లాడ్జి ఊడ్చే రెడ్డెమ్మ. ఆమె చీపురు పట్టిందంటే నాలుగు అంతస్తులు గంటలో అద్దాలవుతాయి. నాలుగో ఆయన మిషన్ స్కూలు డ్రాయింగు మాస్టరు జీవరత్నం గారు. వలయాలు గీయడానికి ఆయన కావాలి.

ఆట గురించి వివరిస్తే రెడ్డెమ్మ ఒకే ప్రశ్న అడిగింది. “అంత దూరం పరిగెత్తి ఊడ్సే బదులు, ఆ రాయి ఎత్తుకోనిపోయి ఆడ పెట్టేస్తే సరిపోదా సామీ?”

సరిపోదని చెప్పాను. బుధవారం పొద్దున నాలుగు మంకీ టోపీలు, లాడ్జి దుప్పట్లు ఎనిమిది, చీపుర్లు ఆరు సర్దుకుని బయల్దేరాము.

రాళ్ళ షెడ్డు

పూతలపట్టు దాటాక రోడ్డు పక్కన గ్రానైటు పాలిష్ షెడ్లుంటాయి. అక్కడ ఆర్ముగం అనే ఆయనకు రెండు వారాల ముందే ఎనిమిది రాళ్ళు చెప్పాను. కొలతలన్నీ కాగితం మీద రాసిచ్చాను. పంతొమ్మిది కిలోలకు తగ్గకూడదు, అడుగు కొంచెం లోపలికి గుంటగా ఉండాలి, పైన ఇస్త్రీపెట్టె పిడి బిగించాలి. పేర్లేం చెక్కాలని ఫోన్లో అడిగితే మా నలుగురి పేర్లు చెప్పాను. తప్పు జరిగింది అక్కడే.

పని మాత్రం బ్రహ్మాండం. రాళ్ళలో మొహం కనబడుతోంది. కానీ నాలుగింటి మీదా మా పేర్లకు ముందు ‘కీ.శే.’ అని చెక్కి ఉంది. పక్కన చిన్న దీపం బొమ్మ కూడా.

“ఏమయ్యా ఇది?” అన్నాను.

“గుండ్రం రాయి, నున్నంగా పాలీసు, పైన పేరు అన్నారు గదా సార్,” అన్నాడు ఆర్ముగం. “బతికుండేవాళ్ళ పేరు రాయి మీద ఎవురు సెక్కిస్తారు?”

“మరి మిగతా నాలుగూ ఖాళీగా ఎందుకు వదిలావు?”

“వాళ్ళ పేర్లు సెప్పలేదు గదా. ఇంకా ఉండారేమోలే అనుకున్నా.”

మునిరత్నం తన రాయి మీది దీపం బొమ్మను గోటితో గీకి చూశాడు. “నన్ను సంపేసినావు గదా బావా,” అన్నాడు. నేనూ పోయాను చూడమని నా రాయి చూపించాను. ఏం లాభం, మా పెళ్ళినాటి విషయాలు మొదలుపెట్టి గంటసేపు దెప్పాడు. రెడ్డెమ్మకు చదువు రాదు. తన రాయి మీద ఏముందని అడిగితే, “మీ పేరేనమ్మా, చాలా గౌరవంగా రాసినారు,” అన్నారు జీవరత్నం మాస్టారు. ఆమె రాయిని తాకి కళ్ళకద్దుకుంది.

బస్సులో

ఎనిమిది రాళ్ళనూ బస్సెక్కించడానికి పావుగంట పట్టింది. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోతూ వంగి చూశాడు. నాలుగు పేర్లూ చదివాడు. చేతిలోని మిషను దించేశాడు.

“నలుగురూ ఒకే తూరి పోయినారాప్పా?” అని గొంతు తగ్గించి మునిరత్నాన్ని అడిగాడు. “యాక్సిడెంటా?”

మునిరత్నం అప్పటికింకా నామీద కోపంగానే ఉన్నాడు. “కాదు. కర్లింగు,” అన్నాడు.

“అయ్యో. ఈ మధ్య శానామందికి వస్తాండాదిలే,” అని కండక్టరు నిట్టూర్చాడు. లగేజీ డబ్బులు తీసుకోలేదు. వెనక సీట్లోని ఒకావిడ మాకు తలా ఒక అరటిపండు ఇచ్చింది. నేను లేచి నిలబడి ఇది ఒలింపిక్స్‌లో ఆడే ఆట అని బస్సంతా వినిపించేటట్టు చెప్పాను. అందరూ నన్ను జాలిగా చూశారు. బాధలో ఉన్నాడులే అనుకుని ఉంటారు.

చిత్తూరు

మేము దిగిన లాడ్జి పేరు చెప్పను. బకెట్టు ఉంది, మగ్గు లేదు. అడిగితే ‘పక్క రూములో ఉండాది, వాళ్ళు పోసుకున్యాక ఇస్తాం’ అన్నారు. మా లాడ్జిలో ఇరవై మూడేళ్ళలో మగ్గు కోసం ఎవరూ వరండాలోకి రాలేదు.

తిండి విషయంలో మాత్రం చిత్తూరుకు దండం పెట్టాలి. తిరుచానూరు హోటళ్ళలో యాత్రికుల కోసం ఉల్లిపాయ లేకుండా వండి వండి మా నాలుకలు మొద్దుబారిపోయాయి. కోర్టు వీధి వెనక ఒక ఇంటి హోటల్లో రాగిసంగటి ముద్ద, చెనిగ్గింజల ఊరుబిండి అనే పచ్చడి, నాటుకోడి పులుసు పెట్టారు. ముద్ద నలభై రూపాయలు. వడ్డించే పెద్దాయన మేము ఎందుకొచ్చామో అడిగాడు. చెప్పాను. ఆయన, “గెలిస్తే ఏమిస్తారు?” అన్నాడు.

“ఎంపిక పోటీలకు పిలుస్తారు.”

“ఆడ గెలిస్తే?”

“ఇంకో చోటికి పిలుస్తారు.”

“అంటే గెలిసేకొద్దీ ఇంటికి దూరమే గదప్పా,” అని ఇంకో ముద్ద వేశాడు. దానికి డబ్బులు తీసుకున్నాడు.

కోల్డ్ స్టోరేజి

మంచు ఎక్కడిదో ఇప్పుడు చెబుతాను. చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. కాయల కాలం అయిపోయాక వాటి శీతల గదులు చాలావరకు ఖాళీ. ఒక ఫ్యాక్టరీ సూపర్వైజరు గోవిందసామి నాకు తెలుసు. మా ఊరి అమ్మవారి పంచమీతీర్థం జనంలో, ఊళ్ళో ఒక్క గది కూడా దొరకనప్పుడు, ఆయన కుటుంబానికి నా సొంత గది ఇచ్చి నేను కౌంటరు కింద పడుకున్నాను. అవమానాలే కాదు, చేసిన ఉపకారాలు కూడా నాకు గుర్తుంటాయి. ఫోన్ చేసి గుర్తు చేశాను. ఓనరు బెంగళూరులో ఉండాడు, నాలుగు దినాలు వాడుకో అన్నాడు.

గది అరవై అడుగుల పొడవు. అసలు మైదానంలో సగం కూడా లేదు, అయినా మంచు మంచే. మైనస్ పద్దెనిమిదిలో నేల మీద పట్టా పరిచి, నీళ్ళు పలచగా పోస్తూ, గడ్డకట్టాక మళ్ళీ పోస్తూ ఫ్యాక్టరీవాళ్ళు ముందే సిద్ధం చేశారు. రెండో జట్టు కూడా గోవిందసామే కూర్చాడు. తాను, సీజన్లో కాయలు తరిగే కుప్పమ్మ, ఆమె తోడికోడళ్ళిద్దరు. ఊరికే లెక్కకు నలుగురుంటే చాలు, వీడియోలో కనబడాలి అని నేను అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

గురువారం మధ్యాహ్నం మంచుకు చివరి పని చేయాలి. నున్నటి మంచు మీద రాయి అతుక్కుంటుంది, జారదు. దాని మీద సన్నటి నీటి చుక్కలు సమంగా చల్లి గడ్డకట్టించాలి. పెద్ద దేశాల్లో దీనికి వీపుకు తగిలించుకునే యంత్రాలున్నాయి. నేను పూలమొక్కలకు నీళ్ళు చల్లే పంపు తెచ్చాను. అది మొదటి నిమిషంలోనే బిగుసుకుపోయింది.

కుప్పమ్మ చూస్తూ ఉంది. “ఏం జేయాలన్నా? నీళ్ళు సల్లాలా?” అంది.

“సల్లడం కాదమ్మా. చుక్క చుక్కగా, ఎక్కడా గుమ్మరించకుండా, అంతా ఒకే తీరుగా పడాలి. కష్టం.”

ఆమె చెంబు తీసుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి కళ్ళాపి చల్లేసింది. రెండు నిమిషాలు. వంగి చూస్తే ఆవగింజలు పరిచినట్టు చుక్కలు. జీవరత్నం మాస్టారు తాడు, మేకు, స్కేలు తీసి వలయాలకు కొలతలు వేస్తూ కూర్చున్నారు. ఆయన మొదటి గీత గీసేలోపు తోడికోడళ్ళిద్దరూ నీలి రంగుపొడితో మూడు వలయాలూ ముగ్గు వేసినట్టు దించేశారు. చివర్న ఒక్కొక్క మూలా పద్మం రేకులు కూడా వేశారు. నిబంధనల్లో పద్మం లేదని చెప్పాను. “ఉత్త సున్నాలు ఏం బాగుంటాయన్నా?” అన్నారు. మీద నీళ్ళు పోసి గడ్డకట్టించాము. పద్మం ఉండిపోయింది.

ఊడవడం, కళ్ళాపి, ముగ్గు. ఈ ఆటకు కావలసిన విద్యలన్నీ మన వాకిళ్ళలో పొద్దున్నే అయిపోతాయి. ఈ ముక్క కార్యదర్శి గారికి రాశాను. జవాబు లేదు.

శుక్రవారం

ఆట పదిన్నరకు అని నిర్ణయించాను. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం అన్నాడు గోవిందసామి. సరే, పన్నెండున్నర అన్నాను. భోజనాల వేళ అన్నారు. మూడు అన్నాను. మూడు నుంచి నాలుగున్నర యమగండం. “ఈ ఆటను కనిపెట్టిన వాళ్ళకు యమగండం లేదు,” అన్నాను. “వాళ్ళకు మామిడికాయలు గూడా లేవులే సారూ,” అన్నాడు.

నాలుగున్నరకు పూజ. కొత్త లారీకి చక్రాల కింద పెట్టినట్టు ఎనిమిది రాళ్ళ కింద ఎనిమిది నిమ్మకాయలు పెట్టారు. వద్దని మొత్తుకున్నాను. మొదటిసారి కదిలేది ఏదైనా నిమ్మకాయ తొక్కాల్సిందే అని మా మునిరత్నం కూడా వాళ్ళతో చేరాడు. రసం కారి, అక్కడే గడ్డకట్టి, మంచు మీద బుడిపెలయ్యాయి. ఆటలో నా మొదటి రాయి ఆ బుడిపెను తాకి గోడవైపు తిరిగిపోయింది. ఇది కూడా మునిరత్నం ఖాతాలో రాసుకున్నాను.

ఫోనును నిచ్చెనకు కట్టి వీడియో మొదలుపెట్టాము. చలికి అది ఆరిపోకుండా చుట్టూ లాడ్జి టవలు చుట్టాము. లోపల పదిహేను నిమిషాల కంటే ఎక్కువ ఉండలేము. ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి తోసి, రౌండు అయిపోగానే బయటికి పరుగెత్తి ఎండలో నిలబడి, మళ్ళీ లోపలికి. మొత్తం నాలుగు రౌండ్లు.

కుప్పమ్మ మొదటిసారి వంగి రాయిని తోసినప్పుడు నాకు అర్థమైంది. రాయి తిన్నగా పోయి, నడిమి వలయంలో, ఎవరో పిలిచి కూర్చోమన్నట్టు ఆగింది.

“ఇంతకు ముందు ఆడావా?” అన్నాను.

“యాడ ఆడేదన్నా? సీజన్లో నేలంతా తడే గదా. నిండు క్రేటు ఈడ నుంచి తోస్తే ఆడ మా తోడికోడలి కాళ్ళకాడ ఆగాల. ముందుకు పోతే ఆమె కాలు ఇరుగుతాది. వెనకాగితే ఆమె తిడతాది. పదేళ్ళుగా తోస్తాండాము.”

పదేళ్ళుగా రోజుకు వందలసార్లు ప్రాక్టీసు చేసిన జట్టును నేను చేతులారా వెతికి తెచ్చుకున్నాను. మాకు ఉన్నది ఒక్క రెడ్డెమ్మే. నేను తోసిన రాళ్ళు సగంలో చతికిలబడుతుంటే ఆమె మునిరత్నాన్ని పక్కకు నెట్టి, చీపురుతో వాటిని వలయాలదాకా లాక్కుపోయింది. మూడు రౌండ్లు ముగిసేసరికి చెరి మూడు పాయింట్లు. ఎంపిక పోటీలకు వెళ్ళేది మేమో వాళ్ళో ఆఖరి రౌండులో తేలాలి.

ఆఖరి రౌండులో కుప్పమ్మ రాయి నడిమధ్యకు రెండడుగుల్లో ఆగింది. మిగిలింది నా రాయి ఒక్కటే. దానికంటే దగ్గరగా ఆపితే మేము గెలుస్తాము. జీవరత్నం మాస్టారు వలయంలో నిలబడి చీపురుతో గురి చూపించారు. రెడ్డెమ్మ, మునిరత్నం చీపుర్లు పట్టుకుని సిద్ధం. వేళ్ళు మొద్దుబారిపోయాయి. తోశాను. గురి అద్భుతం. వేగం కొంచెం తక్కువ. ఏం ఫరవాలేదు, రెడ్డెమ్మ ఉంది.

“ఊడువు!” అని అరిచాను.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గంట మోగింది. తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తే, వాచ్‌మన్ అమ్మవారి పటం ముందు దీపం పెట్టాడు. రెడ్డెమ్మ చీపురు పైకెత్తేసింది.

“రెడ్డెమ్మా! ఊడువు!”

“దీపాలు పెట్టేసినారు సామీ. శుక్రవారం.”

“మునిరత్నం!”

మునిరత్నం చీపురు వెనక్కు దాచుకున్నాడు. “నేను అమ్మవారి పూలు అమ్ముకోని బతికేవాణ్ణి బావా. నాతో ఈ పని సేయించొద్దు.”

రాయి వస్తూనే ఉంది, మెల్లగా. “మాస్టారూ, మీరు చర్చికి వెళ్ళేవాళ్ళు, మీకు అభ్యంతరం లేదు కదా, మీరైనా ఊడవండి!” అని ప్రాధేయపడ్డాను. జీవరత్నం మాస్టారు చీపురు దించి, మళ్ళీ ఎత్తారు. “మా ఇంట్లో గూడా సాయంత్రం ఊడ్సం సార్. మా అమ్మ ఒప్పుకోదు,” అన్నారు.

నేనే పరుగెత్తాను. నాలుగడుగులు వేసి వెల్లకిలా పడ్డాను. పడుకునే చూశాను. రాయి బయటి వలయం దాటింది, రెండో వలయం దాటింది, కుప్పమ్మ రాయికి జానెడు వెనక ఆగింది.

నాలుగు మూడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను లేచి కూర్చున్నాను. “ఇది ఇల్లు కాదు రెడ్డెమ్మా, కోల్డ్ స్టోరేజి! లక్ష్మి మైనస్ పద్దెనిమిదిలో ఎందుకుంటుంది?”

“లాడ్జి మాత్రం ఇల్లా సామీ? ఆరు దాటినాక సీపురు ముట్టకూడదని బోర్డు పెట్టించింది నువ్వే గదా.”

అది నిజం. ఆ బోర్డు నేనే పెట్టించాను.

“అయినా పోయేది నీ లక్ష్మి కాదు, నా లక్ష్మి కాదు,” అంది రెడ్డెమ్మ. “మూడు నెలలు కాయలు వస్తే వీళ్ళకు ఏడాది తిండి. వాళ్ళ ఫ్యాక్టరీలోకొచ్చి, వాళ్ళ ఎదురుగా, సందకాడ నేను ఊడ్సేసి పోవాల్నా? ఒక రాయి కోసరం?”

కుప్పమ్మ వచ్చి రెడ్డెమ్మ చేతిలోని చీపురు తీసుకుని, తలుపు వెనక పడుకోబెట్టి వచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను లేపారు.

తిరుగు ప్రయాణం

శనివారం తిరుగు బస్సులో మునిరత్నం ఒక సలహా ఇచ్చాడు. ఆఖరి రాయి ముక్క కత్తిరించేసి, మూడు మూడు దగ్గర ఆపేసి, మేమే గెలిచామని రాసేద్దామన్నాడు. జీవితంలో అతను నాకిచ్చిన సలహాల్లో నేను ఆలోచించింది ఇదొక్కటే. పాకాల క్రాసు నుంచి చంద్రగిరి దాకా ఆలోచించాను. తర్వాత వీడియో మొత్తం, నేను వెల్లకిలా పడింది కూడా వదలకుండా, ఎనిమిదో ఉత్తరంతో పంపాను. గెలిచిన జట్టు: చిత్తూరు. పేర్లు నలుగురివీ రాశాను. ఓడిన జట్టు: తిరుచానూరు. నా పేరు మొదట రాశాను.

నెలాఖరు పోయింది. ఇంకో నెలాఖరు కూడా పోయింది. కాయల కాలం దగ్గరపడుతోంది. ఆ గది నిండిపోతే మళ్ళీ మంచు దొరకదు, కుప్పమ్మకు తీరికా దొరకదు. ఆమె వారానికోసారి గోవిందసామి ఫోన్ నుంచి అడుగుతుంది. “ఏమన్నా రాసినారాన్నా? యాడికో పిలుస్తామన్నారు గదా, స్వెట్టర్లు కొనాల్నా వద్దా?” ఆమెకు నేనేం చెప్పాలి?

కార్యదర్శి గారూ, నన్ను గెలిపించమని అడగడం లేదు. దీపాలు పెట్టాక ఊడవకుండా వదిలేసిన రాయి లెక్కకొస్తుందో రాదో చెప్పండి. వస్తుందనే నా వాదన. అది నాకు వ్యతిరేకంగా నేనే చేస్తున్న వాదన, ఇంతకంటే నిజాయితీ మీకెక్కడా దొరకదు. ఆ నలుగురినీ పిలవండి. నా పేరును మాత్రం మీ పుస్తకంలో ఓడినవాళ్ళ వరసలో రాసి, కింద సంతకం పెట్టి పంపండి. ముద్ర చాలదు. నేను ఆడి ఓడిపోయాను. ఆ మాట మీ చేత్తో రాసి ఇచ్చేదాకా నేను ఉత్తరాలు ఆపను. తొమ్మిదోది ఈ రోజు పోస్టులో వేశాను. జవాబు రాయండి.